పరాయి ఇంట ప్రోగ్రాము: ‘వైన్’పై ఒక విమర్శ

భౌతికశాస్త్రోపాధ్యాయులుగా పనిచేసి విశ్రాంతి పొందిన మిత్రులొకరు 1996 ప్రాంతమున విజువల్ బేసిక్ అను కంప్యూటరు భాషను స్వయముగా నేర్చుకొని, లఘులోలకమును తెరపై ఊపి చూపు చిన్న ప్రోగ్రామొకటి వ్రాసిరి. దారము పొడవును మార్చినకొలది డోలనావర్తన కాలము ఎట్లు మారునో పిల్లలు కన్నులార చూచెడివారు. పొడవు నాలుగు రెట్లయినచో కాలము రెండు రెట్లే అగునను సంగతి నల్లబల్లపై పదిసార్లు వ్రాసినను పట్టుబడని విద్యార్థికి, ఆ తెర ఒక్కమారు చూచినంతనే పట్టుబడెడిది. ఏండ్లు గడచెను. బడికి క్రొత్త కంప్యూటర్లు వచ్చెను. వానిలో ఆ ప్రోగ్రామును తెరవబోగా, ఇది ఈ యంత్రముపై నడువదను సందేశము తప్ప మరేమియు రాలేదు. ఆయన పూర్వవిద్యార్థి యొకడు లినక్స్ అను వేరొక వ్యవస్థ గల తన యంత్రములో, వైన్ అను సాధనము సాయమున దానిని తెరచి చూపెను. లోలకము ఊగినది. ఊగిన తీరు మాత్రము కొంత వింతగా నుండెను. ఆ సంగతి తరువాత చెప్పెదను.

ఒక ఆపరేటింగ్ సిస్టము కొరకు నిర్మింపబడిన ప్రోగ్రామును మరొకదానిపై నడుపుటకు జరిగిన ప్రయత్నములు పెక్కు కలవు. వానిలో వైన్ వలె ఇంత దీర్ఘకాలము సాగినవియు, ఇంత పొగడ్తకును ఇంత నిందకును పాత్రమైనవియు అరుదు. మెచ్చువారు దీనిని మెచ్చవలసినచోట మెచ్చుట లేదనియు, నిందించువారు నిందింపవలసినచోట నిందించుట లేదనియు నా అభిప్రాయము. దానిని నిరూపించుటకే ఈ వ్యాసము.

‘వైన్’ అనగానే మనకు వీధి చివరి దుకాణము స్మరణకు వచ్చును గాని, ఇది ఆ వైన్ కాదు. ‘వైన్ ఈజ్ నాట్ ఏన్ ఎమ్యులేటర్’ అను ఇంగ్లీషు వాక్యములోని మాటల తొలి అక్షరములు కూర్చగా ఏర్పడిన పేరు ఇది. వైన్ ఎమ్యులేటరు కాదని దాని భావము. ఒక యంత్రముయొక్క సమస్త వేషమును మరొక యంత్రముచేత వేయించునది ఎమ్యులేటరు. తాను ఏది కాదో తన పేరులోనే చాటుకొను వస్తువును ఆ మాటమీదనే మొదట పరీక్షింపవలెను.

విండోస్ కొరకు వ్రాసిన ప్రోగ్రాము లినక్స్ మీద ఏల నడువదు? ప్రాసెసరు వేరగుటచేత కాదు. ఇంటెల్ వంశపు ప్రాసెసరు ఏ వ్యవస్థ క్రింద నున్నను ఒకే ఆదేశములను గ్రహించును: ఈ రెండు సంఖ్యలను కూడుము, వీనిని పోల్చుము, ఫలానా చోటికి పొమ్ము. ఈ ఆదేశములకు విండోస్ అనియు లినక్స్ అనియు భేదము లేదు. భేదము రెండు తావుల కలదు. మొదటిది ఫైలుయొక్క కూర్పు. విండోస్ ప్రోగ్రాము ఫైలు ‘ఎం’, ‘జెడ్’ అను రెండక్షరములతో మొదలగును. లినక్స్ ప్రోగ్రాము ఫైలులో తొలి గుర్తు వెంట ‘ఇ’, ‘ఎల్’, ‘ఎఫ్’ అను అక్షరములుండును. వాని లోపలి అరల అమరిక కూడ వేరు. ఇది చిన్న చిక్కు. ఆ అమరికను తెలిసికొని ఫైలును మెమరీలోనికి చేర్చు భాగమును వ్రాసినచో తీరిపోవును. రెండవది పెద్ద చిక్కు. ఏ ప్రోగ్రామును తనంత తాను ఫైలు తెరవజాలదు, తెరపై గీత గీయజాలదు, గడియారము చూడజాలదు. ప్రతి పనికిని ఆపరేటింగ్ సిస్టమును అడుగవలెను. విండోస్‌లో అడుగు విధము వేరు, లినక్స్‌లో వేరు. విండోస్‌లో ఇట్టి అడుగుబడులు వేలకొలది గలవు.

వైన్ చేయు పని ఈ అడుగుబడులకు బదులు చెప్పుటయే. కూడికలు, పోలికలు ప్రాసెసరు తానే నేరుగా చేసికొనును. వాని నడుమ వైన్ ఉండదు. కావుననే లెక్కలు ఎక్కువగా చేయు ప్రోగ్రాములు వైన్‌లో సొంత ఇంట నడిచిన వేగముతోనే నడచును. ఎమ్యులేటరు కాదను మాట ఇంతవరకు నిజము. ఇంకొక మార్గము కూడ కలదు. లినక్స్ లోపల ఒక కల్పిత యంత్రమును నిలిపి, దానిలో విండోస్‌నే స్థాపించి నడుపవచ్చును. అది నిశ్చింతయైన మార్గమే. కాని అప్పుడు విండోస్ ప్రతియు కావలెను, దాని అనుమతిపత్రమును కావలెను, రెండు వ్యవస్థలను మోయగల మెమరీయు కావలెను. వైన్‌కు విండోస్ అక్కరలేదు.

కంపెనీవారి కాలమున చెన్నపట్టణములో దుబాసీలుండెడివారు. దొర అన్నదానిని మనవారికి, మనవారన్నదానిని దొరకు మార్చి చెప్పుట వారి వృత్తి. వైన్‌ను అట్టి దుబాసీగా వర్ణించుట పరిపాటి. ఈ ఉపమానము సగము దూరమే వచ్చును. విండోస్ ప్రోగ్రాము అడుగువానిలో కొన్నిటికే లినక్స్‌లో సరియైన ప్రతి కలదు. రిజిస్ట్రీ అను విండోస్ వారి చిట్టాకు లినక్స్‌లో సాటి లేదు. కిటికీలు ఒకదానికొకటి పంపుకొను సందేశముల పద్ధతి లేదు. ఈ దుబాసీ మాట మార్చినచో చాలదు. దొర అడిగిన బల్లను, కుర్చీని, పిలుపుగంటను తానే వడ్రంగియు కమ్మరియునై చేసి పెట్టవలెను.

ఉన్నవాని విషయములో కూడ ఇబ్బంది తక్కువ కాదు. ఫైలు పేర్లనే తీసికొందము. ఇంగ్లీషు లిపిలో పెద్ద అక్షరములు, చిన్న అక్షరములు గలవు. మన లిపికి ఆ బాధ లేదు. విండోస్‌లో పేరును పెద్ద అక్షరములతో వ్రాసినను చిన్న అక్షరములతో వ్రాసినను ఒకే ఫైలు. లినక్స్‌లో అవి రెండు వేరు ఫైళ్లు. ప్రోగ్రాము పెద్ద అక్షరములతో అడిగినది. డిస్కులో చిన్న అక్షరములతో ఉన్నది. వైన్ ఏమి చేయవలెను? ఆ ఫోల్డరులోని పేర్లనన్నింటిని వరుసగా చదివి, అక్షరభేదము విడిచి పోల్చి, సరియైనదానిని పట్టుకొనవలెను. వేలకొలది ఫైళ్లుగల ఫోల్డరులో ఒక్క ఫైలు లేదని తెలిసికొనుటకు వేల పేర్లను చదువవలసి వచ్చును. ఫైలు తెరచుట అను ఒక్క మాట వెనుక ఇంత కథ యున్నది.

వైన్ 1993లో మొదలైనది. బాబ్ ఆమ్‌స్టాట్, ఎరిక్ యంగ్‌డేల్ దీనికి ఆద్యులు. 1994 నుండి అలెగ్జాండర్ జూలియార్ నాయకత్వమున సాగుచున్నది. అప్పటి గమ్యము విండోస్ 3.1 ప్రోగ్రాములు. సన్ సంస్థ అదే పనికై వాబీ అను సరకును అమ్మజూచుచుండిన రోజులవి. మొదటి సంపూర్ణ ప్రతియగు వైన్ 1.0 వెలువడినది 2008 జూన్ 17న. పదునైదేండ్లు! ఇది సోమరితనమని వెక్కిరించినవారు గలరు. వారు గమనింపని విషయమొకటి యున్నది. విండోస్ అడుగుబడులకు ఒక లిఖిత ప్రమాణము ఏర్పరుపవలెనను ప్రయత్నము నిజముగా జరిగినది. యూరపులోని ఎక్మా అను ప్రమాణసంస్థ 1995 డిసెంబరులో 234వ సంఖ్యగల ప్రమాణముగా దానిని ప్రకటించినది. అది వర్ణించినది విండోస్ 3.1 కాలపు అడుగుబడులను. అప్పటికి నాలుగు నెలల ముందే, ఆగస్టులో, విండోస్ 95 అంగళ్లకు వచ్చెను. పంచాంగము అచ్చయి చేతికందునప్పటికి సంవత్సరమే మారిపోయినట్లయినది.

అందుచేత వైన్ వారికి ఒజ్జబంతి లేదు. 1.0 సిద్ధమైనదని నిర్ణయించుటకు వారు పెట్టుకొన్న కొలత చూడుడు: ఫోటోషాప్ సిఎస్2, మరియు వర్డ్, ఎక్సెల్, పవర్‌పాయింట్ ఫైళ్లను చూపు మూడు ఉచిత ప్రోగ్రాములు. ఇవి నడచినచో 1.0 అని పిలువవచ్చును! ఒక నిఘంటువు పూర్తియైనదో లేదో చెప్పుటకు నలుగురు పండితులచేత నాలుగు ఉత్తరములు చదివించి చూచినట్లున్నది. హాస్యముగా తోచును గాని, వేరొక కొలత ఎక్కడ నుండి తెత్తురు?

ఇక్కడనే విషయముయొక్క మర్మమున్నది. వైన్ అనుకరింపవలసినది విండోస్ గూర్చి వ్రాసిన పుస్తకములను కాదు, విండోస్ నడవడిని. ఆ నడవడిలో తప్పులును చేరియున్నవి. ప్రోగ్రామర్లలో ప్రసిద్ధమైన ఉదంతమొకటి చెప్పెదను. సిమ్ సిటీ అను ఆటలో ఒక దోషముండెను. మెమరీలో కొంతభాగమును వాడుకొని, ఇక అక్కరలేదని తిరిగి యిచ్చివేసి, మరుక్షణమే మరల దానినే చదివెడిది. ఖాళీచేసి తాళమిచ్చిన ఇంటిలోనికి మరల పోయి నీళ్లు త్రాగినట్లు. పాత విండోస్ ఆ భాగమును వెంటనే ఇంకొకరికి ఇచ్చెడిది కాదు గనుక ఆట సాగిపోయెడిది. విండోస్ 95లో మెమరీ పంపకము మారెను, ఆట కూలెను. విండోస్ నిర్మాతలు ఏమి చేసిరి? నడుచుచున్నది సిమ్ సిటీయేనా యని చూచి, ఔనన్నచో మెమరీని పాత పద్ధతిలోనే పంచునట్లు తమ వ్యవస్థనే దిద్దిరి. కొన్నవాడు ఆటను నిందింపడు, క్రొత్త విండోస్‌ను నిందించునని వారికి తెలియును. ఇట్టి దిద్దుబాట్లు విండోస్ నిండ గలవు. సొంత ఇంటివారికే ఇంత సాకిరి యైనప్పుడు, బయటనుండి చూచి వ్రాయువారి పని ఎట్టిదో ఊహింపవచ్చును.

అది కూడ బయటనుండియే చూడవలెను. విండోస్ మూలవాక్యములను చూచినవారెవ్వరును వైన్‌కు వ్రాయరాదని వారి నియమము, చౌర్యాపవాదము రాకూడదని. 2004లో విండోస్ 2000 మూలవాక్యములలో కొంత భాగము బయటికి పొక్కినపుడు, వీరికి అది నిధి కాలేదు, ముట్టరాని వస్తువైనది. కావున వారు మరొక పద్ధతిని పెంచుకొనిరి. ఒక్కొక్క అడుగుబడికి చిన్న పరీక్షను వ్రాసి, మొదట దానిని అసలు విండోస్ మీద నడిపి, ఏ జవాబు వచ్చునో చూచి, పిమ్మట వైన్‌లోను అదే జవాబు వచ్చునట్లు చేయుట. తప్పు సంఖ్యను పంపినచో ఏమగును? ఖాళీ పేరు నిచ్చినచో? ఏ దోషసంఖ్య తిరిగి వచ్చును? ఇది మన ప్రయోగశాలలో జరుగు పనియే. మూసిన పెట్టెలో ఏ వలయమున్నదో, బయటి కొనలకు బ్యాటరీ తగిలించి, మీటరు చూచి కనుగొనుడని విద్యార్థులకు మనము ఇచ్చు అభ్యాసము వంటిది. వైన్‌లో నాకు ఎల్లకంటె మెచ్చుకోదగినదిగా తోచునది ఈ పరీక్షల రాశియే. విండోస్ నిజముగా ఎట్లు నడచుకొనునో చెప్పు బహిరంగ గ్రంథము ఏదైన గలదన్నచో, అది ఇదియే.

తెలుగువారికి నేరుగా సంబంధించిన దృష్టాంతమొకటి. ‘స్త్రీ’ అను ఒక్క అక్షరము కంప్యూటరు మెమరీలో ఆరు సంకేతములు: స, హల్లు గుర్తు, త, మరల హల్లు గుర్తు, ర, చివర దీర్ఘమైన ఈకారపు గుడి. ఆరింటిని కలిపి, తవత్తును క్రింద దింపి, రవత్తును దాని ప్రక్కన సర్ది, గుడిని సకారము నెత్తిన పెట్టుటకు ప్రత్యేకమైన యంత్రాంగము కావలెను. విండోస్‌లో ఆ పని చేయునది యూనిస్క్రైబ్ అను భాగము. వైన్ వారు దానిని సైతము క్రొత్తగా వ్రాసికొనవలసి వచ్చెను. తెలుగు అక్షరపు ముక్కలను గుర్తించి కూర్చుటకు అందులో వేరుగా తెలుగు కొరకే వ్రాసిన భాగము కలదు. అది లేనిచో హల్లులన్నియు పొల్లులతో వరుసగా నిలిచి, మొదటి తరగతి పలకను తలపించెడివి. ఐనను చేయలేనిది ఒకటున్నది. విండోస్ ఎక్స్‌పీతో వచ్చిన గౌతమి ఫాంటు మైక్రోసాఫ్ట్ వారి సొత్తు. వైన్ దానిని పంచిపెట్టజాలదు. ఆ ఫాంటు కొలతలను నమ్ముకొని కూర్చిన పుట వేరొక ఫాంటులో పంక్తి విరుగుచోటు మారి, కొన్ని సమయములందు బొత్తాముపై మాట సగమే కనబడును. ఇది లోపమే, కాని వ్రాతలో లోపము కాదు, ఆస్తిలో భేదము.

వేగమును గూర్చిన నింద ఇంకొంత న్యాయమైనది. విండోస్‌లో అనేక ప్రోగ్రాములు ఒకరికొకరు ఆగి, సంకేతమందగానే కదలు పద్ధతులు గలవు. వానికి లినక్స్‌లో అచ్చమైన సాటి లేనందున వైన్ తనలో ఒక పెద్దను నియమించినది. దాని పేరు వైన్ సర్వరు. ఎవరు ఆగవలెనన్నను, ఎవరు లేవవలెనన్నను ఆ పెద్దకు కబురంపి బదులు పొందవలెను. ఆగుట సెకనుకు పదిసార్లు జరుగు ప్రోగ్రామునకు ఇది తెలియను కూడ తెలియదు. వేలసార్లు జరుగు నేటి ఆటలలో ఆ కబురులే భారమగును. అనేక సంవత్సరములు దీనికి అడ్డదారులే వాడిరి. చివరకు 2025లో వెలువడిన లినక్స్ 6.14 కెర్నెలులో ఎన్‌టి సింక్ అను భాగము చేరి, ఆ పద్ధతులను కెర్నెలులోనే సమకూర్చినది. గమనింపుడు: పరాయి ఇంటి అలవాటు కొరకు ఇంటి పునాదినే సవరించిరి.

దీనికి విరుద్ధదిశలో జరిగిన ప్రయోగముతో పోల్చినగాని వైన్ విలువ తేలదు. 2016లో మైక్రోసాఫ్ట్ సంస్థ లినక్స్ ప్రోగ్రాములను విండోస్ మీద నడుపుటకు ఒక ఏర్పాటు ప్రకటించినది. అందలి మొదటి పద్ధతి వైన్‌కు దగ్గర చుట్టమే: లినక్స్ అడుగుబడులకు విండోస్ తానే బదులు చెప్పుట. లినక్స్ కెర్నెలు అడుగుబడులు వందలలోనే యుండును; మూలవాక్యములు బహిరంగము; ధనమునకు కొదువ లేదు. ఐనను ఫైళ్లపని మందగించుట, కొన్ని అడుగుబడులకు బదులు లేకుండుట వంటి చిక్కులు తీరలేదు. 2019లో ప్రకటించిన రెండవ ప్రతిలో వారు ఆ మార్గమును విడిచి, నిజమైన లినక్స్ కెర్నెలునే తేలికపాటి కల్పితయంత్రములో నడుపసాగిరి. అన్ని వసతులు గలవారు విడిచిన మార్గమున, మూసిన పెట్టెను తట్టి చూచుచు ముప్పది యేండ్లకు పైగా నడచినవారు వీరు. ఆ శ్రమకు తల వంచవలసినదే.

ఇక పొగడ్తల సంగతి. ఇటీవల వైన్‌కు వచ్చిన కీర్తియంతయు ఆటలవలన వచ్చినది. వాల్వ్ సంస్థ 2018 ఆగస్టులో వైన్‌ను ఆధారముగా గొని ప్రోటాన్ అను రూపమును ప్రకటించెను. విండోస్ వారి చిత్రరచనా ఆదేశములను వల్కన్ అను బహిరంగ పద్ధతిలోనికి మార్చు డీఎక్స్‌వీకే అను భాగము దానికి ప్రాణము. 2022లో వచ్చిన స్టీమ్ డెక్ అను చేతి యంత్రము లినక్స్ మీదనే నడచుచు విండోస్ ఆటలను ఆడించుచున్నది. ఇది గొప్ప కౌశలమే, కాదనను. కాని దీనివలన లినక్స్ గెలిచినదనువారితో నేను ఏకీభవింపజాలను. ఐబీఎం సంస్థవారి ఓఎస్/2 రెండవ ప్రతి 1992లో విండోస్ ప్రోగ్రాములను చక్కగా నడిపెను. విండోస్ అనుమతియు వారివద్ద ఉండెను. ఫలితమేమి? విండోస్ కొరకు వ్రాసినచో రెంటిమీదను నడచునపుడు ఓఎస్/2 కొరకు వేరుగా వ్రాయుట ఎందుకని నిర్మాతలు తలచిరి. ఆ వ్యవస్థ వెనుకబడుటకు ఇదియొక్కటే కారణము కాదు, కాని ఒక కారణము. నేడును లినక్స్ కొరకు ఆటను సొంతముగా నిర్మించు ప్రయాస ఏలయని అడుగు నిర్మాతకు ప్రోటాన్ మంచి జవాబును అందించుచున్నది. పైగా, మోసగాండ్రను పట్టుటకు కెర్నెలు లోతున కావలియుండు ప్రోగ్రాములతో వచ్చు ఆటలు అనేకము ఇందులో నడువవు. వైన్ ప్రోగ్రాములకు ఇల్లు కట్టగలదు గాని, పునాది క్రింద కూర్చుండు కావలివానికి చోటీయజాలదు. అన్నిటికంటె ముఖ్యమైనది, నేడు నడచిన ఆట రేపటి మార్పుతో నడువకపోవచ్చును; మరల సవరింపవలెను. పరుగెత్తువాని నీడను గీయుట వంటిది ఈ పని. జీతమిచ్చువారున్నంతకాలము జరుగును.

ఉపాధ్యాయులకు రెండు హెచ్చరికలు చెప్పి ఈ భాగమును ముగించెదను. వైన్ వారి పట్టికలో ఒక్కొక్క ప్రోగ్రామునకు ప్లాటినము, బంగారము, వెండి, కంచు, చివరకు చెత్త అని ముద్రలు కనబడును. అవి ఒక వాడుకరి, ఒక యంత్రముపై, ఒక ప్రతితో పొందిన అనుభవములు. మూడేండ్ల క్రిందటి బంగారము నేటికి కంచు కావచ్చును, చెత్త వెండియు కావచ్చును. తేదీ చూడక నమ్మరాదు. రెండవది భద్రత. వైన్ ప్రోగ్రామునకు ‘సి’ అను డ్రైవుగా ఒక ఫోల్డరును చూపును. ‘జెడ్’ అను పేరుతో మీ డిస్కునంతటిని చూపును. విండోస్ కొరకు వ్రాసిన దుష్టప్రోగ్రాము ఆ దారిన వచ్చి మీరు వ్రాసికొన్న ఫైళ్లను చెరుపగలదు. వైన్ పంజరము కాదు. లినక్స్ మీద నున్నాము గదా యను ధైర్యము ఇక్కడ పనికిరాదు.

పేరుమాట కూడ ఇప్పుడు పూర్తిగా నిలువదు. ప్రాసెసరు ఒక్కటేయైనపుడు వైన్ ఎమ్యులేటరు కాదు. ఫోనులలో వాడు ఆర్మ్ జాతి ప్రాసెసరుపై ఇంటెల్ ప్రోగ్రామును నడుపదలచినచో, ఆదేశములను సైతము మార్చువాడొకడు కావలెను. అప్పుడు ఫెక్స్, బాక్స్64 వంటి ఎమ్యులేటర్లను వైన్ తన ప్రక్కన నిలుపుకొనవలసినదే. పేరును మార్చుమని నేననను. ముప్పదియేండ్ల పేరు ఇంటిపేరు వంటిది.

మరి వైన్‌ను మెచ్చవలసినది ఎక్కడ? పరుగు నిలిచిపోయినచోట. పాత ప్రోగ్రాము ఇక మారదు. దాని నిర్మాత దానిని మరచెను. దానికి కావలసిన నడవడిని ఒక్కమారు పట్టుకొని పరీక్షలో బిగించినచో, అది జారిపోదు. మా మిత్రుని లోలకము 16-బిట్ ప్రోగ్రాము. 64-బిట్ విండోస్ 16-బిట్ ప్రోగ్రాములను నడుపదు. ఆ విండోస్‌లో వస్తువుల గుర్తుచీటీలకు 32 బిట్లు అక్కరకు వచ్చుననియు, 16 బిట్ల ప్రోగ్రామునకు అవి పట్టవనియు మైక్రోసాఫ్ట్ చెప్పిన ముఖ్య కారణము. 2021లో వచ్చిన విండోస్ 11కు 32-బిట్ రూపమే లేదు. విండోస్ 10కు సాధారణ మద్దతు 2025 అక్టోబరు 14న ముగిసినది. ఆ విధముగా 1990ల నాటి విండోస్ ప్రోగ్రాములలో ఒక తరమునకు సొంత ఇంట తలుపు మూతపడినది. 64-బిట్ లినక్స్ మీద వైన్ వానిని నేటికిని నడుపుచున్నది. 2014లో ఒక భద్రతాలోపమును కప్పుటకై లినక్స్ కెర్నెలు కూడ 16-బిట్ మెమరీ ఖండములను నిషేధించినది. కెర్నెలు రహస్యములలో కొన్ని బిట్లు ఆ దారిన బయటికి పోవుచుండెను. కాని అదే సంవత్సరములో ఆ కన్నమును వేరొక ఉపాయముతో పూడ్చి, నిషేధమును తొలగించిరి. వైన్‌లో పాత ప్రోగ్రాములు వాడువారు కొలదిమందియే యైనను, వారి పని చెడరాదని తలచిరి.

లోలకము వింతగా ఊగెనంటిని. ఒక మీటరు దారముగల లోలకమునకు డోలనావర్తన కాలము సుమారు 2 సెకండ్లు. తెరపై అది సెకనులో మూడవవంతు కాలమునకే పోయి వచ్చుచుండెను. తెలుగు మాటల స్థానమున అర్థములేని ఇంగ్లీషు అక్షరములు నిండియుండెను. రెండవదానికి మందు సులభము: ఆనాటి తెలుగు ఫాంటు ఫైలు ఆయన పాత డిస్కులో దొరకెను, దానిని వైన్ చూపు ‘సి’ డ్రైవులోని ఫాంటుల ఫోల్డరులో పెట్టగానే తెలుగు వచ్చెను. మొదటిదానికి వైన్‌ను తిట్టుకొనుచు ఒక సాయంత్రము గడపితిమి. తప్పు వైన్‌ది కాదు. చిత్రమును మార్చుటకు ఆయన పెట్టిన గడువు 1 మిల్లీసెకండు. పాత విండోస్ గడియారము సెకనుకు 18 టిక్కులే ఇచ్చెడిది గనుక ఎంత తక్కువ అడిగినను 55 మిల్లీసెకండ్లకు ఒకమారే కదలెడిది. ఒక డోలనమునకు ఆయన వేసిన బొమ్మలు 36. ముప్పదియారు యాబదియైదులు 1,980. అనగా 2 సెకండ్లకు దగ్గర. ఆయన దానిని గడియారముతో సరిచూచుకొని తృప్తిపడిరి, కారణము వెదకలేదు. వైన్‌లో అదే టిక్కు సుమారు 10 మిల్లీసెకండ్లకు వచ్చును. ముప్పదియారు పదులు 360. వైన్ అడిగినదానికి దగ్గరగా ఇచ్చినది. ప్రోగ్రాము నమ్ముకొన్నది అడిగినదానిని కాదు, ఆ రోజులలో దొరకినదానిని.

డిస్కులో మూలవాక్యములు కూడ ఉండెను. విజువల్ బేసిక్ పాత ప్రతిని వైన్‌లోనే తెరచి, ఆయన 1 అని యున్నచోట 55 అని వ్రాసి, ప్రోగ్రామును మరల కూర్చిరి. చేతిగడియారము చూచుచు పది డోలనములు లెక్కించితిమి. ఇరువది సెకండ్లకు ఏ కొంచెమో తక్కువ.